ఆ గిన్నె తిరిగిచ్చినారా?

కొరియన్ భాషలో స్నేహితుణ్ణి 'చింగు' అంటారు. ఆ మాట వాడాలంటే ఇద్దరూ ఒకే ఈడు వాళ్లయి ఉండాలి. ఏడాది పెద్దదైతే చాలు, చిన్న పిల్లకి ఆ పిల్ల 'ఒన్నీ' అయిపోతుంది. మగపిల్లల్లో అయితే 'హ్యోంగ్'. వయసూ వరసా తేలకుండా మాట మొదలుకాదు. ఈ పద్ధతి పెద్ద నగరాల వాళ్లకి వింతగా ఉంటుందేమో గాని విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో పెరిగినవాళ్లకి కాదు. అక్కని 'అప్ప' అని పిలిచే ఊళ్లు మావి. బస్సులో పక్క సీటు మనిషిని కూడా పది నిమిషాల్లో మావనో అప్పనో చేసేసుకుంటాం. ఒక్క 'నేస్తం' అన్న పిలుపు దగ్గరే మా పొదుపంతా.

మా నాయనమ్మకి ఒక నేస్తం ఉండేది. కులాలు వేరు, వీధులు వేరు. పెళ్లికి ముందెప్పుడో ఒకరికొకరు బట్టలు పెట్టుకుని, నలుగురి ఎదుట నేస్తరికం కలుపుకున్నారట. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు ఎత్తలేదు. పెళ్లి పిలుపులూ పెట్టుపోతలూ చుట్టాలకి ఎంతో ఆమెకీ అంతే. సరిహద్దు దాటి ఒడిశాలోకి వెళితే ఇదే ఆచారం ఇంకా పకడ్బందీగా కనిపిస్తుంది. సంక్రాంతి నాడు కలుపుకుంటే 'మకర', పూరీ జగన్నాథుడి ప్రసాదం సాక్షిగా కలుపుకుంటే 'మహాప్రసాద్'. ఇష్టం ఉన్నన్నాళ్లు ఉండి పోయేదిగా కాకుండా, నెత్తికెత్తుకున్న బాధ్యతగా స్నేహాన్ని చూసిన మనుషులు వాళ్లు.

స్నేహం చుట్టూ అల్లిన కొరియన్ ధారావాహికలు ఈ ప్రాంతపు ఇళ్లలోకి, ముఖ్యంగా ఆడపిల్లల ఫోన్లలోకి, ఇంత సులువుగా ఎలా వచ్చేశాయన్నది కొన్నాళ్లుగా నన్ను వేధిస్తున్న ప్రశ్న. 2020 లాక్‌డౌన్‌లో మొదలైన అలవాటని, కుర్ర నటుల మొహాలే కారణమని చాలామంది తేల్చేస్తారు. మొహాలు కారణమైతే ప్రేమకథలతోనే ఆగిపోవాలి. డెబ్బై ఏళ్ల ముసలమ్మల స్నేహం మీద తీసిన పదహారు గంటల కథని ఇంటర్ పిల్ల ఎందుకు చూస్తుంది? నాకు తోచిన జవాబు ఒకటుంది. మన సినిమాకి స్నేహం ఉంది, కాలం లేదు. మన సీరియల్‌కి కాలం ఉంది, స్నేహం లేదు. ఆ రెండూ ఒకచోట దొరికేసరికి జనం అక్కడ కూర్చుండిపోయారు.

తెలుగు తెర మీద స్నేహం తక్కువేమీ కాదు. 1961లో 'ఇద్దరు మిత్రులు', 1977లో బాపు 'స్నేహం', 1988లో 'ప్రాణ స్నేహితులు', 1999లో 'స్నేహం కోసం'. ఇక 'ఆర్ఆర్ఆర్' సంగతి ప్రపంచానికే తెలుసు. వరసగా చూస్తే ఒక సంగతి తడుతుంది. మన సినిమాలో స్నేహానికి పెద్ద పరీక్ష పెట్టాలి. ప్రాణం ఇవ్వాలి, ఆస్తి వదులుకోవాలి, నింద మోయాలి. రెండున్నర గంటల్లో స్నేహాన్ని నమ్మించాలంటే అంతకంటే దగ్గర దారి లేదు మరి. 'హ్యాపీ డేస్' (2007), 'ఈ నగరానికి ఏమైంది' (2018) ఆ దారి వదిలి కాలేజీ మెట్ల మీదా గోవా రోడ్డు మీదా కూర్చున్నాయి, అందుకే నిలిచాయి. 2024లో వచ్చిన 'కమిటీ కుర్రోళ్లు' గోదావరి ఊరి స్నేహితుల మధ్యకి రిజర్వేషన్ల గొడవని తెచ్చి, కులం అన్న మాటని స్నేహం అన్న మాట పక్కన పెట్టే ధైర్యం చేసింది. మన సీరియళ్ల దగ్గరికొస్తే 'కార్తీక దీపం' ఐదేళ్ల పైచిలుకు, పదిహేను వందల ఎపిసోడ్లు దాటి నడిచింది. అంత కాలం చేతిలో ఉండి కూడా, ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు కుట్ర పన్నకుండా కూర్చుని చిక్కుళ్లు ఒలుచుకునే దృశ్యం మన సీరియల్ అన్నదాంట్లో ఎన్నిసార్లు చూశాం?

చిక్కుళ్లు ఒలుచుకునే దృశ్యమంటే నాకు వెంటనే గుర్తొచ్చేది 'రిప్లై 1988'. 2015 నవంబరు నుంచి 2016 జనవరి దాకా టీవీఎన్ అనే కేబుల్ ఛానల్లో ఇరవై ఎపిసోడ్లుగా వచ్చింది. దర్శకుడు షిన్ వోన్ హో, రచయిత్రి లీ వూ జంగ్. చివరి ఎపిసోడ్‌కి 18.8 శాతం రేటింగు వస్తే, అప్పటికి కొరియా కేబుల్ చరిత్రలో అదే రికార్డు. కథ అనదగ్గదేమీ లేదు. సియోల్ ఉత్తర భాగంలో సాంగ్‌మున్ డాంగ్ అనే పేట, అందులో ఒక సందు, ఐదు ఇళ్లు, ఐదుగురు ఒకే ఈడు పిల్లలు. వాళ్లలో టేక్ అనేవాడికి తల్లి లేదు. నాయిక డక్ సన్ వాళ్ల నాన్న బ్యాంకు ఉద్యోగి. స్నేహితుడికి హామీ సంతకం పెట్టి మునిగిపోయి, సంసారాన్ని సగం నేలలోపల ఉండే అద్దె వాటాలోకి దించేశాడు. పై ఇంట్లో ఉండేది లాటరీ తగిలి డబ్బున్నవాళ్లయిన జంగ్ హ్వాన్ వాళ్లు. తల్లులు ముగ్గురూ సందులో వేసిన చెక్కబల్ల మీద చేరి కూరలు తరుగుతూ ఊరందరి సంగతులూ మాట్లాడుకుంటారు. మా వైపు అయితే దాన్ని అరుగు అంటాం.

మొదటి ఎపిసోడ్‌లోనే ఒక దృశ్యం ఉంది. రాత్రి భోజనాల వేళ. ఒక తల్లి కూర ఎక్కువ వండి, గిన్నెలో పెట్టి, పక్కింటికి ఇచ్చి రమ్మని కొడుకుని పంపుతుంది. పక్కింటావిడ గిన్నె తీసుకుని, ఊరికే పంపడం ఏం బాగుంటుందని తను వండిందేదో పిల్లవాడి చేతిలో పెడుతుంది. అటు నుంచి ఇంకో ఇంటికి, అక్కణ్ణుంచి మరో ఇంటికి. పిల్లలు సందులో ఒకరికొకరు ఎదురుపడుతూ, తిట్టుకుంటూ, గిన్నెలు మోస్తూ తిరుగుతూనే ఉంటారు. ఇలా అయితే అందరం కలిసే తినొచ్చు కదా అని విసుక్కుంటారు కూడా. కథ ముందుకు కదలదు. కాని ఆ తర్వాత పంతొమ్మిది ఎపిసోడ్లలో ఈ ఇళ్ల మధ్య ఏం జరిగినా మనం నమ్ముతాం, ఎందుకంటే పునాది ఆ గిన్నెల మీద పడింది. పొరుగింటి గిన్నె ఖాళీగా వెనక్కివ్వకూడదని, కనీసం చిటికెడు పంచదారైనా వేసి ఇవ్వాలని మన అమ్మమ్మలు చెప్పినవాళ్లే. స్టీలు గిన్నె మీద పేరు చెక్కించుకునేదీ అది ఊరంతా తిరుగుతుందన్న లెక్కతోనే. అయినా మన రచయితలకి ఆ గిన్నె సన్నివేశంగా తట్టలేదు. తట్టినా అందులో విషం కలిపి ఉండేవారు.

ఈ కథ జ్ఞాపకాల తీపితోనే సరిపెట్టుకోలేదు. డక్ సన్ అక్క బోరా విద్యార్థి ఉద్యమంలోకి వెళ్లి పోలీసుల చేతికి చిక్కుతుంది. తల్లి వాళ్లని బతిమాలుకునే ఘట్టం చూస్తుంటే, 1960ల చివర నక్సలైటు ఉద్యమం చూసిన శ్రీకాకుళం జిల్లా ఇళ్లలో తల్లులకి అది పరాయి దేశపు సంగతిలా అనిపించదు. సియోల్ ఒలింపిక్స్‌లో డక్ సన్ మడగాస్కర్ జట్టు ముందు బోర్డు పట్టుకు నడవడానికి నెలల తరబడి సాధన చేస్తే, ఆ దేశం రాకుండా మానేస్తుంది. దేశం పండగ చేసుకుంటుంటే సందులో పిల్లకి దక్కిన వాటా అది. చివర్లో సందు ఖాళీ అయిపోతుంది. పాత ఇళ్లు కూల్చి కొత్తవి కడతారు, అందరూ తలో చోటికి పోతారు. ఉద్యోగాలకి హైదరాబాదో చెన్నైయో పోయిన పిల్లల ఇళ్లకి తాళాలు పడ్డ మా వీధుల్లో ఆ ఎపిసోడ్ చూడటానికి కొంచెం గుండె నిబ్బరం కావాలి.

దీనికంటే ముందు వచ్చిన 'రిప్లై 1994' నాకు ఇంకో కారణంగా ఇష్టం. సియోల్‌లో ఒక బోర్డింగ్ ఇల్లు, నాలుగు దిక్కుల నుంచి యాసలు వెంటబెట్టుకొచ్చిన విద్యార్థులు. ఒకణ్ణి ఊరి పేరుతోనే 'సామ్‌చన్‌పో' అని పిలుస్తారు. అమీర్‌పేట హాస్టల్లో ఉన్నన్నాళ్లూ 'ఒరే శ్రీకాకుళం' అన్న పిలుపు తప్ప అసలు పేరు వినబడని కుర్రాళ్లు మా వైపు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

అదే దర్శకుడూ రచయిత్రీ చేసిన 'హాస్పిటల్ ప్లేలిస్ట్' (2020, 2021, రెండు విడతలు, ఒక్కోటి పన్నెండు ఎపిసోడ్లు) నలభైలలో పడ్డ ఐదుగురు డాక్టర్ల కథ. 1999లో మెడికల్ కాలేజీలో కలిసినవాళ్లు ఇప్పుడు ఒకే ఆసుపత్రిలో పనిచేస్తూ, తీరిక దొరికితే చేరి పాటలు వాయించుకుంటారు. నటులు వాద్యాలు నిజంగానే నేర్చుకుని వాయించారు. వారానికి ఒక్క ఎపిసోడే వేయడం కొరియాలో అప్పటికి కొత్త పద్ధతి. ఇందులో విలన్ లేడు. ఒకడికి ఆకలేస్తే మిగతావాళ్లు అన్నం తెస్తారు, ఎవరికైనా విడాకులైతే ఎక్కువ ప్రశ్నలు వేయరు. పేద రోగుల బిల్లులు చాటుగా కట్టే ఏర్పాటొకటి కథలో నడుస్తుంటుంది. నాకిది అతి తీపిగా అనిపించిన మాట నిజం. కాని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, ఇంటికొక కిడ్నీ రోగి ఉన్న పల్లెల్లో, డయాలసిస్‌కి వారానికి రెండు మూడు సార్లు ఆటో కట్టించుకుపోయే మనుషులకి ఇది అతి అనిపించకపోవచ్చు. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచేదాకా వాళ్లు పెద్ద డాక్టరు మొహం చూడాలంటే విశాఖపట్నం పోవలసిందే. రోగి పేరు గుర్తుపెట్టుకునే డాక్టర్లు ఐదుగురు ఒకేచోట ఉండటం వాళ్లకి నీతికథలా కాదు, జానపద కథలా వినిపిస్తుంది.

ఇక మా జిల్లాల వాళ్లు చూసి తీరాల్సింది, ఎందుకో ఎవరూ పెద్దగా చెప్పుకోనిది, 'వెయిట్‌లిఫ్టింగ్ ఫెయిరీ కిమ్ బోక్ జూ'. 2016 నవంబరులో ఎంబీసీ ఛానల్లో మొదలైన పదహారు ఎపిసోడ్ల కథ. అప్పట్లో రేటింగులు అంతంతమాత్రమే, పేరు తర్వాతెప్పుడో వచ్చింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జాంగ్ మి రాన్ జీవితం దీనికి స్ఫూర్తి. బరువులెత్తే బోక్ జూ, ఆమెతో పాటు ఎత్తే ఇద్దరు నేస్తాలు. ముగ్గురూ కడుపునిండా తింటారు, పడీపడీ నవ్వుతారు, పక్కనున్న సన్నటి జిమ్నాస్టులు ముక్కు విరిస్తే తిరిగి ముక్కు విరుస్తారు. తిండి, శరీరం, చెమట గురించి ఆడపిల్లలు ఇంత స్వేచ్ఛగా మాట్లాడుకోవడం మన తెర మీద నేనెరగను.

బయట మాత్రం మాకు కొత్త కాదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ ఇంట్లో అక్కచెల్లెళ్లంతా బరువులెత్తినవాళ్లే. విజయనగరం జిల్లా నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ ఊరికి ఊరే బారు పట్టుకుంది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిస్తే, పైన ఉన్న నైజీరియా అమ్మాయి డోపింగులో దొరికిపోవడంతో అది రజతమైంది. పొద్దున్నే పొలం పనులకి పోయే తల్లులు, అదే వేళకి వ్యాయామశాలకి పోయే కూతుళ్లు. ఒక బారుకి అటూ ఇటూ నిలబడి ఒకరి మీద బరువు పడకుండా ఇంకొకరు కాసుకోవడమే ఆ పిల్లల స్నేహం. దీని మీద పదహారు ఎపిసోడ్లు కొరియా వాళ్లు తీసుకున్నారు. మల్లీశ్వరి జీవితం మీద సినిమా అని 2020లో ప్రకటన వచ్చింది, మేమింకా ఎదురుచూస్తున్నాం.

'థర్టీ నైన్' (2022) గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ముప్ఫై తొమ్మిదేళ్ల ముగ్గురు స్నేహితురాళ్లు, ఒకామెకి క్లోమం క్యాన్సర్. ఏడిపించడానికే కూర్చున్న కథ, ఏడిపిస్తుంది. ఒక్క ఘట్టం మాత్రం మర్చిపోలేను. తన చావు కబురు ఎవరెవరికి పంపాలో ఆమె రాసి ఇచ్చిన జాబితాని పట్టుకుని, స్నేహితురాళ్లు ఆమె బతికుండగానే వాళ్లందరినీ భోజనానికి పిలుస్తారు.

దీనికంటే చాలా పైమెట్టు మీద ఉంది 'డియర్ మై ఫ్రెండ్స్' (2016). రచయిత్రి నో హీ క్యుంగ్. కిమ్ హే జా, నా మూన్ హీ, గో డూ షిమ్, యూన్ యో జంగ్ లాంటి పెద్ద నటీమణులంతా ఒకచోట చేరారు. మతిమరుపు ముదురుతున్న ఒక ముసలామె, జీవితమంతా మొగుడి కేకలు భరించి ఇప్పుడు ఇల్లు వదిలి పోదామనుకుంటున్న ఇంకో ముసలామె. వీళ్లు కొట్టుకుంటారు, అబద్ధాలాడతారు, పాత పగలు తవ్వుకుంటారు. స్నేహమంటే మంచితనమని ఈ కథ ఒప్పుకోదు, అదే దీని గొప్ప. పిల్లలు దూరాన ఉండగా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఒకరికొకరు బీపీ మాత్రలు గుర్తుచేసుకుంటూ బతికే ఇళ్లు పార్వతీపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఎన్ని లేవు? ఈ వయసు మీద మనవాళ్లు తీసిన 'ఓ బేబీ' (2019) కూడా 'మిస్ గ్రానీ' అనే కొరియన్ సినిమాకి రీమేకే. ఇద్దరు స్నేహితురాళ్లని పోలీసు శిక్షణలో పెట్టిన 'శాకిని డాకిని' (2022) మరో కొరియన్ సినిమాకి రీమేకు. సరుకు అక్కణ్ణుంచి తెచ్చుకోవలసినంత కరువు మనకి నిజంగా ఉందా అంటే, లేదు. కథల్లో లేదు.

చాసో కథ 'కుంకుడాకు'లో గవిరి, పారమ్మ అని ఇద్దరు పిల్లలుంటారు. ఒకతె బడికి పోయేది, ఇంకొకతె పొలాల్లో ఆకూ అలమూ ఏరుకునేది. ఆ ఇద్దరి మాటల్లోనే ఊరి ఆస్తి లెక్కలన్నీ బయటపడిపోతాయి. 2025 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'యూ అండ్ ఎవ్రీథింగ్ ఎల్స్' పదిహేను ఎపిసోడ్లలో చేసింది ఇలాంటి పనే. పాలు పోసి బతికే తల్లి కూతురు ఉన్ జంగ్, మంచి ఫ్లాటులో ఉండే సాంగ్ యోన్. చిన్నప్పటి నుంచి నలభైల దాకా ఒకరంటే ఒకరికి ఎంత ఇష్టమో అంత అసూయ. ఈ జాబితాలో స్నేహాన్ని డబ్బుతో తూచి చూసిన ధైర్యం దీనిదే. విజయనగరంలో చాసో, శ్రీరంగం నారాయణబాబు, రోణంకి అప్పలస్వామి ఒక జట్టుగా తిరిగిన రోజుల మీద కూడా ఎవరైనా పన్నెండు ఎపిసోడ్లు రాయొచ్చు. రాస్తే నేనే మొదటి ప్రేక్షకురాలిని.

సముద్రం వైపు తిరిగితే జెజు ద్వీపం కథలున్నాయి. 'అవర్ బ్లూస్' (2022), 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్' (2025). గాలి బిగబట్టి సముద్రం అడుగుకి దూకి నత్తలూ ఆల్చిప్పలూ ఏరుకొచ్చే ఆడవాళ్లని అక్కడ 'హేన్యో' అంటారు. నీళ్ల లోపల ఎవరి ఊపిరి వాళ్లదే అయినా ఒంటరిగా ఎవరూ దిగరు. రెండో కథలో, పిల్లలకి గింజలు లేని రోజుల్లో ఆ అద్దె ఇంటి యజమానులైన ముసలి దంపతులు రాత్రిపూట చప్పుడు కాకుండా బియ్యం కుండలో బియ్యం పోసి పోతారు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకి పోయి పాకిస్తాన్ వాళ్లకి చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గాని ఇంటికి రాలేదు. దాని మీద వచ్చిన 'తండేల్' (2025) ప్రేమకథని పట్టుకుంది, తప్పు లేదు. ఆ పద్నాలుగు నెలలూ ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు ఒకరి పొయ్యి ఒకరు ఎలా వెలిగించారన్నది వేరే కథ, అది జెజు వాళ్ల చేతిలో పడి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది.

'అవర్ బ్లూస్'లో జెజు మాట కొరియా వాళ్లకే అర్థం కాదు. అందుకని వాళ్ల టీవీలోనే కింద మామూలు కొరియన్‌లో సబ్‌టైటిళ్లు వేశారు. యాసని చెరపకుండా, నవ్వులాటకి వాడకుండా, చదువుకోండని జనం ముందు పెట్టారు. మన డబ్బింగులో ఏం జరుగుతోంది? 'ఒన్నీ' పోయి 'సిస్టర్' వస్తుంది, 'హ్యోంగ్' పోయి 'బ్రో' వస్తుంది, అందరూ ఏ ఊరిదీ కాని ఒకే తెలుగు మాట్లాడతారు. వరసలు పోతే ఆ కథల్లో సగం మర్యాద పోయినట్టే. ఒక పిల్ల మొదటిసారి 'ఒన్నీ' అని పిలవడం అక్కడ పెద్ద ఘట్టం, అక్కడ 'అప్పా' అని పెడితే మా ప్రాంతం పిల్లలకి ఇంకో వివరణ అక్కర్లేదు. ఈ గొడవ ఎక్కడ జరగకూడదో అక్కడే జరుగుతోంది. వాడుక భాష కోసం జీవితాలు పెట్టిన గురజాడ, గిడుగు ఈ నేలవాళ్లు, విజయనగరంలో ఒకే బడిలో చదువుకున్న స్నేహితులు. మన సినిమాల్లోనూ 'ఏటి', 'ఎల్లిపోనాడు' అన్న మాట వినబడిందంటే వెనకాలే నవ్వు రావాలని లెక్క. నమ్మదగ్గ స్నేహితుడి నోట అది ఎప్పుడో గాని రాదు.

కొరియా వాళ్లవన్నీ మెచ్చుకోలుకే పనికొస్తాయని కాదు. 'రిప్లై' పేరుతో వచ్చిన కథలు మూడింటికీ ఒక జబ్బుంది. నాయిక చివరికి ఎవర్ని పెళ్లాడుతుందో అన్న పొడుపుకథ పెట్టి, ప్రేక్షకుల్ని రెండు జట్లుగా చీల్చి, స్నేహం మీద కట్టిన ఇంటిని ఆ పందెం మీద తాకట్టు పెడతారు. '1988'లో జంగ్ హ్వానా, టేకా అని కొట్టుకున్నవాళ్లకి ఆ గిన్నెలు గుర్తున్నాయో లేదో. కథ మధ్యలో శాండ్‌విచ్‌లూ కాఫీలూ ప్రకటనల్లా చేతుల్లోకి వచ్చేస్తుంటాయి. మరొకటి, అక్కడ స్నేహానికి అడ్డొచ్చేది డబ్బు, వయసు, ఊరు. మాకు వాటి మీద ఇంకొక గోడ ఉంది. గిన్నె ఏ గడప దాకా పోతుంది, ఏ గడప దగ్గర ఆగిపోతుంది, ఎవరి గిన్నె వంటింట్లోకి వస్తుంది, ఎవరిది పెరట్లో బోర్లిస్తారు అన్నది మా కథ. మా నాయనమ్మ నేస్తం ఎన్ని పెళ్లిళ్లకి వచ్చినా ఎక్కడ కూర్చుని తినేదో నేను చిన్నప్పుడు గమనించలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఇద్దరూ లేరు. ఇది కొరియా వాళ్లు మా తరఫున రాసిపెట్టరు.

ఈ మధ్య అమ్మకి 'రిప్లై 1988' మొదటి ఎపిసోడ్ పెట్టి చూపించాను. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు చదవడం ఆమెకి రాదు, నన్ను చెప్పనివ్వలేదు. గిన్నెల ఘట్టం వచ్చేసరికి కళ్లజోడు సర్దుకుంది. పిల్లలు సందులో అటూ ఇటూ తిరుగుతుంటే వేళ్ల మీద ఏదో లెక్కపెడుతోంది. ఎపిసోడ్ అయిపోయి టీవీ ఆపబోతుంటే అడిగింది: "ఆ తల్లి లేని గుంటడి ఇంటికెల్లిన గిన్నె తిరిగిచ్చినారేటే? ఏటి పెట్టిచ్చినారు?"